యంత్రము మారిన యింట

శివుడధికుడా, విష్ణువధికుడా యని మన పెద్దలు వాదించుకొనిన కాలమొకటి కలదు. ఆ వాదములు చాలవరకు చల్లారినవి. కాని మనుష్యునకు వాదింపక తోచదు కాబోలు. నేడు మన యిండ్లలో అన్నదమ్ములు ఐఫోను మేలా, ఆండ్రాయిడు మేలా యని కంచముల ముందే తగవులాడుచున్నారు. కళాశాలలో చదువుకొను పిల్లలు విండోసు పక్షమనియు, మాకింటాషు పక్షమనియు, లినక్సు పక్షమనియు చీలియున్నారు. ఒక పక్షమువాడు రెండవ పక్షమునకు మారినచో మతము మార్చుకొన్నవానిని చూచినట్లు చూచుచున్నారు. ఇది పిల్లల గొడవ, మగవారి గొడవ, మనకేల యని సోదరీమణులు కొందఱు అనుకొనవచ్చును. మాకట్లు తోచలేదు. యంత్రమును కొనితెచ్చువారొకరు, దానికి అలవాటుపడవలసినవారు మఱియొకరు అగుట మన సంసారములలో పరిపాటి. పొయ్యి మారినప్పుడు, రుబ్బురోలు పోయి మిక్సీ వచ్చినప్పుడు ఎవరి చేతులు క్రొత్తగా నేర్చుకొనినవో మనమెఱుగుదుము. కంప్యూటరు విషయమును అంతే.

ఈ పక్షముల పుట్టుకను కొంచెము చెప్పుదుము. 1984 జనవరిలో యాపిల్ కంపెనీవారు మాకింటాషు అను యంత్రమును బయటపెట్టిరి. ఆజ్ఞలను కంఠస్థము చేయనక్కఱలేకుండ, తెరపై నున్న బొమ్మలను మౌసుతో చూపి పని చేయించుకొను పద్ధతిని సామాన్యుల యిండ్లకు తెచ్చిన యంత్రమిది. 1985 నవంబరులో మైక్రోసాఫ్టువారు విండోసును తెచ్చిరి. తమ బొమ్మల పద్ధతిని కాజేసిరని యాపిల్‌వారు 1988లో దావా వేసిరి. అది కొన్నేండ్లు నడిచి తుదకు యాపిల్‌వారికే ప్రతికూలమయ్యెను. న్యాయస్థానమున ముగిసిన తగవు జనుల మనస్సులలో మాత్రము ముగియలేదు. ఇటలీ దేశపు రచయిత ఉంబెర్టో ఎకో 1994లో ఒక వారపత్రికలో వ్రాయుచు, మాకింటాషు కథోలిక మతము వంటిదనియు, పాత డాసు పద్ధతి ప్రొటెస్టెంటు మతము వంటిదనియు పరిహాసమాడెను. పరిహాసమే యైనను అందు నిజము లేకపోలేదు. 1997 ఆగస్టులో బోస్టను నగరమున జరిగిన మాకింటాషు అభిమానుల సభలో, మైక్రోసాఫ్టువారు యాపిల్‌లో 15 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టుచున్నారని స్టీవ్ జాబ్స్ చెప్పి, బిల్ గేట్సు ముఖమును పెద్ద తెరపై చూపగా, సభలోనివారు గేలి చేసిరి. ఆ ధనము యాపిల్ కంపెనీకి ఆపత్కాలమున అందిన సాయము. యజమానులు రాజీపడినను భక్తులు రాజీపడలేదన్నమాట.

మన తెలుగువారికి ఇందులో మఱియొక చిక్కు కలదు. హైదరాబాదున 1967లో జన్మించిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్టునకు ముఖ్యాధికారి యయ్యెను. అప్పటినుండి విండోసును దూషించుట స్వజాతిని దూషించుటగా భావించు వృద్ధులు మాకు తెలిసినవారిలోనే యున్నారు. కాని ఆ నాదెళ్లవారే 1992లో సన్ మైక్రోసిస్టమ్స్ అను వేఱొక కంపెనీని విడిచి మైక్రోసాఫ్టునకు వచ్చినవారు. ముఖ్యాధికారి యైన రెండు నెలలలోపల, తమ కంపెనీ ఆఫీసు సాధనములను ప్రత్యర్థియగు యాపిల్‌వారి ఐప్యాడుపై పనిచేయునట్లు విడుదల చేసినవారు. వారి కంపెనీకి లేని పట్టుదల మనకేల? మూడవ పక్షమగు లినక్సును 1991లో ఫిన్లాండు దేశమున లినస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి మొదలిడెను. దాని నెవరైనను ఉచితముగ తీసికొని, మార్చుకొని, పంచుకొనవచ్చును. హైదరాబాదున స్వేచ్ఛ యను సంస్థవారు దానిని తెలుగు మాటలతో సిద్ధపఱచి పంచిపెట్టిరి.

ఇంతవరకు దూరపు మాట. ఇక మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణముల సంగతి చూతము. 2016 అక్టోబరు 11 వరకు ఈ మూడును పాలమూరు జిల్లాలోనివే. ఒకప్పుడు గద్వాల, వనపర్తి సంస్థానములుగ నుండి కవిపండితులను పోషించినవి. గద్వాలకు విద్వద్గద్వాల యను పేరు అట్లు వచ్చినదే. ఇచ్చట కంప్యూటరు అనగా సామాన్యులకు మొదట తెలిసినది కచేరీల చెంత, బస్సు నిలుచు తావుల చెంత నుండు డి.టి.పి. దుకాణము. శుభలేఖ, అర్జీ, కరపత్రము, దశదినకర్మ పత్రిక, పాఠశాల ప్రశ్నపత్రము, పద్యములు వ్రాసికొను తాతగారి శతకము, అన్నియు అచ్చటనే కూర్పబడినవి. ఆ కూర్చు చేతులలో ఆడువారి చేతులు తక్కువ కావు.

ఆ దుకాణములలో నున్న పక్షములు వేఱు. అచ్చట మాకింటాషు ఎవరును చూడలేదు, యంత్రములన్నియు విండోసువే. ఐనను “నేను యాపిల్,” “నేను మాడ్యులర్” అని చెప్పుకొందురు. యాపిల్ అనునది అచ్చట కంపెనీ పేరు కాదు, తెలుగు అక్షరములు మీటలపై నిలుచు క్రమమునకు పేరు. అను గ్రాఫిక్స్‌వారి తెలుగు సాధనములో ఇట్టి క్రమములు కొన్ని కలవు. అందు యాపిల్ అనునది ఒకటి, మాడ్యులర్ అనునది మఱియొకటి. ఒక దానిలో చేయి తిరిగినవారు రెండవదానిని ముట్టరు. పని కావలెనని వచ్చిన పిల్లను దుకాణదారు మొట్టమొదట అడుగు ప్రశ్న, “ఏ కీబోర్డమ్మా?” యని. బోస్టను సభలో గేలి చేసిన జనులకును వీరికిని ఒక భేదము కలదు. వారిది అభిమానము, వీరిది జీవనము.

గద్వాలలో అట్టి దుకాణమున చాలకాలముగ పనిచేయుచున్న యొకామెను, ఏ యక్షరము ఏ మీటపై నున్నదో చెప్పుమని మేమడిగితిమి. ఆమె నవ్వి, “అక్కా, ఏ అక్షరం యాడున్నదో అడిగితే నాకు చెప్పరాదు. వేళ్లకే ఎరుక” అని చెప్పినది. ఆ మాట మాకు మనస్సున నాటుకొనినది. ముగ్గు పెట్టునామెను చుక్క తరువాత చుక్క ఎచ్చటికి పోవునో నోటితో చెప్పుమన్నను ఇట్లే చెప్పును. పుటకింత యని కూలి వచ్చు పనిలో వేగమే సంపాదన. ఆ వేగము ఆమె చేతివ్రేళ్లలో ఏండ్ల తరబడి పోగైనది. క్రొత్త క్రమమునకు మారుమనుట యనగా ఆ పోగుచేసినదానిని పాఱవేసి మఱల మొదటి మీటనుండి ఆరంభింపుమనుట. ఆ నేర్చుకొను దినములలో కూలి సగమగును. ఆ సగము ఎవరిత్తురు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పకుండ ఆమెను చాదస్తురాలనుట న్యాయము కాదని మా యభిప్రాయము.

ఇక ఈ పాత పద్ధతిలోని లోపమును చెప్పవలయును, ఏలయన అందుండి మన యిండ్లకు నష్టము కలుగుచున్నది. తెలుగు అక్షరములకు కంప్యూటరులో స్వంత స్థానములు వాడుకలోకి రాని దినములలో, ఇంగ్లీషు అక్షరముల స్థానములలోనే తెలుగు ముక్కలను కూర్చి పని గడుపుకొనిరి. అను లిపులు ఇట్టివే. తలకట్టొక చోట, కొమ్మొక చోట, వత్తొక చోట. తెరపై మనకు తెలుగు కనబడును, యంత్రము మాత్రము లోపల ఇంగ్లీషు గుర్తులే యున్నవని నమ్మియుండును. ఆ లిపి యున్న యంత్రమున అంతయు బాగుండును. అది లేని యంత్రమున అదే కాగితము తెఱచినచో అర్థములేని ఇంగ్లీషు గుర్తులు గుంపులుగ కనబడును. పరాయి ఇంటిపేరుతో పెంచబడిన బిడ్డ స్వంత ఊరికి వచ్చినప్పుడు ఎవరును గుర్తింపని చందము. అందులో ఒక మాటను వెదకుమన్నను సామాన్యముగ వెదకలేము. వేయి పుటల గ్రంథములో మీ ముత్తవ్వగారి పేరెచ్చటనున్నదో యంత్రమునకు తెలియదు.

దీనికి విరుగుడుగా వచ్చినది యూనీకోడు. 1991లో వెలువడిన మొదటి ప్రతిలోనే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. అవి 3072వ సంఖ్య మొదలు 3199వ సంఖ్య వఱకు. ఆ స్థానములు తెలుగువే, వానిలో మఱియొక భాష వచ్చి కూర్చుండదు. “అమ్మ” అను మాటను చూడుడు. అ యనునది 3077, మ యనునది 3118, హల్లులను కలుపు పొల్లు 3149, మరల మ 3118. ఈ నాలుగు సంఖ్యలే లోకమంతటను “అమ్మ”. విండోసున, మాకింటాషున, లినక్సున, చేతి ఫోనున ఎచ్చట తెఱచినను అమ్మ అమ్మయే. విండోసు ఎక్స్‌పీ 2001లో గౌతమి యను తెలుగు లిపితో వచ్చినది. మాకింటాషునకు యంత్రముతోపాటే తెలుగు లిపులు వచ్చుటకు 2011 వఱకు పట్టినది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమై యూనీకోడులోనే పెరిగినది. వార్తాపత్రికల జాలపుటలు కొన్ని అప్పటికింకను ఎవరి లిపి వారిదిగ నుండగా, వానిని యూనీకోడునకు మార్చి చదువుకొనుటకు నాగార్జున వెన్న యనువారు పద్మ యను సాధనమును కల్పించిరి.

మన ప్రాంతపు పేరు ఒకటి ఇందు వినబడుటచేత మాకు సంతోషమైనది. సిలికానాంధ్రవారు ఎల్లరును ఉచితముగ వాడుకొనునట్లు విడుదల చేసిన యూనీకోడు లిపులలో ఒకదాని పేరు సురవరము. గోలకొండ పత్రికను 1926లో స్థాపించి, తెలంగాణమున కవులు లేరన్న మాటకు ప్రత్యుత్తరముగ 1934లో మూడువందల యేబదిమందికి మించిన కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిన సురవరము ప్రతాపరెడ్డిగారి పేరది. వారి స్వగ్రామమగు ఇటికాలపాడు నేటి జోగుళాంబ గద్వాల జిల్లాలోనిది. 1952లో వారు శాసనసభకు ఎన్నికైనది వనపర్తినుండి. ఊరూరికి జాబులు వ్రాసి, వచ్చిన పద్యములను పోగుచేసి, పేరు తెలియని కవుల పేర్లు నిలిపిన మహనీయుడాయన. ఆ పనిని తలచుకొన్నప్పుడెల్ల మాకొక దిగులు కలుగుచుండును. మన మూడు పట్టణముల డి.టి.పి. దుకాణములలో ఈ ముప్పదేండ్లలో కూర్పబడిన శతకములు, వంశచరిత్రలు, స్థలపురాణములు ఎన్నియో పాత లిపులలోనే నిలిచియున్నవి. అచ్చైన ప్రతులు నూటికి మించియుండవు. వానిని కూర్చిన యంత్రము చెడినచో మఱియొక ప్రతి తీయుటకు దారి యుండదు. కాగితపు ప్రతికి చెదలు పట్టును, యంత్రపు ప్రతికి పక్షము పట్టును.

మఱి దుకాణములవారు ఇన్నాళ్లు మారకుండుటకు కారణమేమి? వేగమొకటి యని చెప్పితిమి. రెండవది, పుటలు కూర్చు పేజ్‌మేకరు అను సాధనము. దానిలో 2001లో వచ్చిన ఏడవదే కడపటిది, అడోబివారు తరువాత దానిని పెంచలేదు. అందులో యూనీకోడు తెలుగు నిలువదు. శుభలేఖ కూర్పునకు అలవాటుపడినవారికి పేజ్‌మేకరును విడుచుట కీబోర్డును విడుచుటకంటె కష్టము. మూడవది అందము. అను లిపులలో సొగసైన అక్షరములు చాల కలవు. యూనీకోడు లిపులు చాలకాలము రెండు మూడే యుండెను. పెండ్లిపిలుపు మీద అక్షరము ఒయ్యారముగ నుండవలెనని పెండ్లికూతురి తల్లి కోరుట తప్పు కాదుగదా! నేడు ఉచిత లిపులు చాల వచ్చినవి గనుక ఈ మూడవ కారణము బలహీనమైనది. మొదటి రెండును నిలిచియున్నవి.

ఇట్లు ఒకదానికొకటి ముడిపడుటచేత దుకాణము విండోసునే, అందును పాత విండోసునే, పట్టుకొని వ్రేలాడుచున్నది. మైక్రోసాఫ్టువారు విండోసు ఎక్స్‌పీకి 2014 ఏప్రిలులోను, విండోసు ఏడునకు 2020 జనవరిలోను, విండోసు పదికి 2025 అక్టోబరులోను సాధారణ సంరక్షణమును నిలిపిరి. సంరక్షణము నిలిచిన యంత్రము ఆ దినమే ఆగిపోదు. కాని తలుపు గడియ ఊడిన యింటివలె నుండును. అట్టి పాత యంత్రమున లినక్సును ఎక్కించినచో మఱికొన్నేండ్లు వాడుకొనవచ్చునని యువకులు చెప్పుచున్నారు, అది నిజమే. కాని విండోసుకొఱకు చేసిన అను సాధనము లినక్సుపై సూటిగ నడువదు. అప్పుడు కూర్పు పని చేయునామెకు ఆ ఉచిత యంత్రము ఉచితము కాదు.

కేరళ రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలను లినక్సునకు మార్చిరి. ఆ పని సాగుటకు ముఖ్యకారణము లినక్సు గొప్పతనమని పక్షమువారు చెప్పుదురు. మాకు తోచినదేమనగా, అచ్చట ప్రభుత్వమువారు ఉపాధ్యాయులకు, ఉపాధ్యాయినులకు వరుసగ శిక్షణ యిప్పించిరి. మార్పునకగు ఖర్చు మారవలసినవారి నెత్తిన పడలేదు. మన ప్రాంతమున అట్టి తోడ్పాటు లేక, ఎవరికి వారే రాత్రిపూట నేర్చుకొనవలసి వచ్చుచున్నది.

క్రొత్తగా నేర్చుకొను బాలికలకు మాత్రము మేము ఒక మాట చెప్పగలము. 1986లో భారతప్రభుత్వమువారు ఇన్‌స్క్రిప్టు అను క్రమమును నిర్ణయించిరి. అందు అచ్చులును గుణింతపు గుర్తులును ఎడమచేతి వైపు, హల్లులు చాలవఱకు కుడిచేతి వైపు నుండును. తెలుగునకును హిందీకిని కన్నడమునకును అదే క్రమము. రాయచూరు మనకు పొరుగే కనుక కన్నడము కూర్చవలసిన అవసరము గద్వాలవారికి రాకపోదు. ఒకసారి నేర్చినచో ఆ భాషకును పనికివచ్చును. అంతకంటె ముఖ్యమైనది, ఈ క్రమము విండోసుతోను, మాకింటాషుతోను, లినక్సుతోను కూడ వచ్చును. అనగా యంత్రము మారినను వ్రేళ్లు మారనక్కఱలేదు. ఇంగ్లీషు అక్షరములతో తెలుగును వ్రాయు పద్ధతి సులభమని పలువురు దానినే పట్టుచున్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయపు పేర 1990 దశాబ్దమున వ్యాపించిన ఆర్.టి.ఎస్. పద్ధతి యట్టిదే, దూరదేశముల తెలుగువారికి అది చాల మేలు చేసినది. కాని ఇంగ్లీషు బాగుగ రాని మన పల్లె పిల్లకు తెలుగు వ్రాయుటకు ఇంగ్లీషు దారి చూపుట మాకంతగ నచ్చలేదు. ఇక యాపిల్, మాడ్యులర్ క్రమములలో చేయి తిరిగినవారికొఱకు ఆ మీటలతోనే యూనీకోడు వ్రాయించు చిన్న సాధనములును వచ్చియున్నవి. ఇరువదేండ్ల అనుభవము గల యామెను ఇన్‌స్క్రిప్టు నేర్చుకొమ్మని నిర్బంధించుటకంటె ఇదియే దయగల మార్గము.

దుకాణమును విడిచి ఇంటికి వత్తము. నేడు పలువురు గృహిణులకు కంప్యూటరనగా చేతి ఫోనే. మన దేశమున నూటికి తొంబది ఫోనులకు పైగా ఆండ్రాయిడువి. విదేశమునుండి వచ్చిన కొడుకు, లేక పట్నమున ఉద్యోగము చేయు కూతురు, ప్రేమతో తల్లికి ఐఫోను తెచ్చియిచ్చుట ఇప్పుడు తఱచు. తల్లి సంతోషించును. మఱునాడు వాట్సాపు తెఱచి చూడగా పాత మాటలు, మనుమల బొమ్మలు, పోయిన భర్త గొంతుతో నున్న సందేశములు ఏవియు నుండవు. ఆండ్రాయిడులో వాట్సాపు దాచుకొను ప్రతి గూగుల్‌వారి కొట్టులో నుండును, ఐఫోనులో దాచుకొనునది యాపిల్‌వారి కొట్టులో నుండును. ఒక కొట్టు తాళము రెండవదానికి పట్టదు. ఆండ్రాయిడు నుండి ఐఫోనునకు ఆ మాటలను చేరవేయు ఏర్పాటును వాట్సాపువారు 2022 జూనులో తెచ్చిరి. అదియును తొలుత క్రొత్త ఐఫోనును మొట్టమొదట సిద్ధపఱచు వేళనే చేయవలసినదిగ నుండెను. ఈ సంగతి తెలియక పాత ఫోనును ముందే తుడిచివేసి పనిమనిషి కొడుకునకిచ్చివేసిన యిండ్లను మేమెఱుగుదుము. ఇచ్చినవారు కొడుకులు, పోగొట్టుకొన్నవారు తల్లులు.

పక్షాభిమానులు నవ్వుకొనిన సందర్భమొకటి చెప్పుదుము. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు “జ్ఞా” అక్షరమునకు సంబంధించిన యొక గుర్తుల కూర్పు ఐఫోనులను తల్లక్రిందులు చేసినది. ఆ యక్షరము సందేశములో వచ్చినచో దానిని చూపబోయిన సాధనము మూతపడెడిది. ఎవరో కొంటెవారు లోకమంతటను ఆ యక్షరమును పంపి వేడుక చూచిరి. యాపిల్‌వారు ఆ నెల 19వ తేదీన సవరణ విడుదల చేసిరి. ఆండ్రాయిడు పక్షమువారు కొన్నాళ్లు పండుగ చేసికొనిరి. జ్ఞానమనునది అంత విలువగల యంత్రమునకును అరుగలేదని మేమును నవ్వుకొంటిమి. కాని ఆలోచించినచో అది ఒక కంపెనీ నేరముగ మాత్రమే కనబడదు. తెలుగు వత్తులు, గుణింతములు గల లిపి. దానిని సరిగ చూపుట కష్టము. మన మాటలను వాడువారు ఆ యంత్రముపై తక్కువగ నున్నప్పుడు తప్పులు ఆలస్యముగ బయటపడును. సాధనమున తెలుగు చెడియున్నచో అభిమానముచేత మూసిపెట్టక ఆ కంపెనీకి ఫిర్యాదు వ్రాయుట మంచిదని మా యభిప్రాయము.

మన తల్లులు కాపురమునకు వచ్చునప్పుడు ఇత్తడి బిందెలపై, కంచు గిన్నెలపై పేరు కొట్టించుకొని వచ్చెడివారు. నేటికిని స్టీలు సామానుపై పేరు కొట్టించుట మన ప్రాంతమున మానలేదు. ఏ యింటికి పోయినను, ఏ విందులో కలిసిపోయినను ఆ గిన్నె మరల మనయింటికి వచ్చును. పుట్టింటి మీద ప్రేమ యున్నందున మెట్టింట వండక మానము, మెట్టింట ఉన్నందున పుట్టింటి గిన్నెను పాఱవేయము. క్రొత్త యంత్రము ఇంటికి వచ్చునప్పుడు గృహిణి అడుగవలసినవి ఈ బుద్ధితోనే అడుగవలయును. నా బొమ్మలు, నా జాబులు, నా లెక్కలు ఇందుండి మఱియొక కంపెనీ యంత్రమునకు పోవునా? పోవుచో ఏ రూపమున పోవును? తెలుగు యూనీకోడులోనే యున్నదా? పాత యంత్రమును ఎన్నినాళ్లు ప్రక్కన ఉంచుకొనవలయును? మా లెక్కలో ఒక నెల యైనను ఉంచుట మంచిది. ఈ ప్రశ్నలు ఫోను కొనువానిని కాదు, అమ్మువానిని అడుగవలయును, అదియును డబ్బు చెల్లించుటకు ముందు.

పాత అను లిపులలో నున్న కుటుంబపు వ్రాతలను యూనీకోడునకు మార్చు సాధనములు ఇప్పుడు దొరకుచున్నవి. మీ యింట తాతగారి శతకము గాని, అవ్వ చెప్పగా వ్రాయించిన పెండ్లిపాటలు గాని పెన్‌డ్రైవులో నున్నచో, ఆ పనిని ఈ యేడే చేయించుడు. మొదట ఆ దుకాణమువారి యొద్దనుండి అసలు ఫైలును అడిగి తీసికొనుడు, అచ్చుకాగితము చాలదు. మార్చిన తరువాత సాధనమును నమ్మి ఊరకుండరాదు. లోపల అంతయు ఇంగ్లీషు గుర్తులే యని చెప్పితిమి గదా. అందుచేత ఆ వ్రాతలో నిజముగ ఇంగ్లీషులో నున్న పేరో, చిరునామయో ఉన్నచో సాధనము దానిని కూడ తెలుగనుకొని పిచ్చి అక్షరములుగ మార్చివేయవచ్చును. వత్తులు ముందువెనుకలగు చోటులును ఉండవచ్చును. కావున ఒకరు అచ్చుప్రతిని చదువుచుండగా మఱియొకరు తెరపై సరిచూచుట అవసరము. మధ్యాహ్నపు తీఱిక వేళ తల్లియు కూతురును కూర్చుండినచో దినమునకు నాలుగైదు పుటలు కాగలవు. చదువు పని తల్లిది, దిద్దు పని కూతురిది.